గీజర్ నోరు నొక్కిన పానక్క

ఆ మూడంతస్తుల మేడలో అందరికీ ఆమె పానక్క. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది గనుక మొదట పానా అక్క అన్నారు, అది నలిగి నలిగి పానక్క అయింది. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఎవరైనా తలుపు కొట్టి "పానక్క ఉందా అన్నా?" అని అడిగితే, "లోపల ఏదో బిగిస్తోంది. నేను మాత్రం పానక్క ఇంట్లో పుడకని" అని నవ్వేవాడు.

ఆమె ఉద్యోగం పానాలతో కాదు. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. ఉతికి ఆరిన దుప్పట్లనూ, ఆపరేషన్ గదుల గౌన్లనూ ఆవిరి ఇస్త్రీ మిషను మీద పరిచి, పై పలక దించి, బుస్సుమని ఆవిరి వదిలి, మడతపెట్టి పేర్చాలి. సాయంత్రానికి ఒళ్లంతా ఉడకబెట్టిన బంగాళాదుంపలా అయ్యేది. చేరిన కొత్తలో ఒకరోజు పక్కనున్న బాయిలర్ గదిలోంచి చెవులు చిల్లులు పడేలా ఆవిరి బయటికి తన్నింది. పానక్క చేతిలోని దుప్పటి అక్కడే పారేసి వాకిట్లోకి పరిగెత్తింది. తోటి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "అది అరుస్తున్నంతసేపూ భయం లేదే పిల్లా! అరవడం మానేసిన రోజు మేమూ నీతోపాటు పరిగెడతాం" అన్నారు.

పానా పట్టడం ఆమెకు భర్త పుణ్యమా అని అబ్బింది. కాపురానికి వచ్చిన ఏడాదే వంటింటి సింకు పూడుకుపోయింది. భర్తతో చెబితే "చూద్దాంలే" అన్నాడు. ప్లంబరుకు ఫోన్ చేస్తే "రేపొస్తానమ్మా" అన్నాడు. రేపు అన్న మాటకు రూపు లేదు. అంట్ల గిన్నెలు గుట్ట పడ్డాయి. చివరికి ఆమే కొంగు బిగించి సింకు కిందికి దూరి, వంపు పైపును చేత్తోనే విప్పింది. లోపల ఉన్న మురికంతా ఒళ్లో పడింది గానీ నీళ్లు మాత్రం గలగలా దిగిపోయాయి. ఆ చప్పుడు విన్నాక ఆమె కంటికి ఇక ఏ ప్లంబరూ ఆనలేదు.

అన్నీ గెలుపులే అని కాదు. వాష్ బేసిన్ కొళాయి మార్చినప్పుడు ఏం బిగించిందో ఏమో, కట్టేయాలంటే తెరిచే వైపు తిప్పాల్సి వచ్చేది. చుట్టాలు వచ్చి చేతులు కడుక్కున్న ప్రతిసారీ వరదే. తువ్వాళ్ల కడ్డీ తగిలిద్దామని గోడకు డ్రిల్లు పెట్టి, లోపలి పైపుకు చిల్లు పొడిచింది. నీళ్లు ఎదుటి గోడకు కొట్టాయి. ఆ నీళ్లే నేలలోకి ఇంకి, కింది వాటాలో ఉండే రిటైరైన లెక్కల మేష్టారి మంచం మీద కురిశాయి. ఆయన గొడుగు వేసుకునే మెట్లెక్కి వచ్చి, "అమ్మా, మీ ఇంట్లో వాన ఆగితే మా ఇంట్లో కాస్త పడుకుంటాను" అన్నాడు.

ఇన్ని చూసినా ఆమె అత్తగారు కోడల్ని ఆపేది కాదు. మెచ్చుకునేదీ కాదు. డెబ్బై దాటిన మనిషి. రెండు చెవులూ దాదాపు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటేనే వినపడుతుంది, అదీ ఆవిడకు వినాలనిపించినప్పుడు. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని తీసి, తడి తగలకుండా తన గదిలోని అద్దం దగ్గర గిన్నెలో పెట్టి, పైన మూత కూడా పెట్టి వెళ్లేది.

వాళ్ల స్నానాల గదిలోని గీజర్ చాలా పాతది. దానికి చన్నీళ్లు ఎక్కే పైపు దగ్గర వేలెడంత ఇత్తడి బుడిపె ఉంది. దాని పక్కకు చిన్న ముక్కు. గీజర్ వేసినప్పుడల్లా ఆ ముక్కులోంచి చుక్క చుక్కగా నీళ్లు కారేవి. మొదట్లో ఎప్పుడో ఒక చుక్క. పోనుపోను ఎక్కువైంది. కింద నేల ఎప్పుడూ చెమ్మగా ఉండి, పాచి పట్టి, సబ్బు రాసినట్టు జారేది. తుడిచిన మర్నాటికి మళ్లీ అంతే. "ప్లంబర్ని పిలుద్దామండీ" అని ఆమె అంటే, భర్త "చూద్దాంలే" అన్నాడు.

ఒకరోజు అత్తగారు అక్కడే జారింది. కొళాయి పట్టుకుని వేలాడి ఎలాగో నిలదొక్కుకుంది గానీ, మోచేయి కమిలిపోయింది. ఆ సాయంత్రం పానక్కకు అన్నం సయించలేదు. ఎముకల వార్డు దుప్పట్లు ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. తుంటి విరిగి వచ్చిన ముసలివాళ్లలో ఎంతమంది తిరిగి నడుస్తారో ఆమె వింటూనే ఉంది.

మర్నాడు పనిమాని సామాన్ల పెట్టె తీసింది. ఆ ఇత్తడి ముక్కులో రబ్బరు ముక్క కూరి, దానిపైన మర బిగించి, రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే సీలు మైనం చుట్టూ దిట్టంగా మెత్తింది. ఆరాక గోరుతో గీకి చూసింది. గీత కూడా పడలేదు. గీజర్ వేసి చూస్తే చుక్క రాలలేదు. నేలను బ్రష్షుతో రుద్ది కడిగింది.

రెండు రోజులు పొడి నేల మీద నడిచాక అత్తగారు వంటింట్లోకి వచ్చి నిలబడి, "ఈసారి ఏదో బాగానే చేశావు" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ నోటి వెంట అలాంటి మాట రావడం అదే మొదలు. పానక్క ఆ రోజంతా ఊరికే నవ్వుకుంటూ తిరిగింది.

కొన్ని వారాలు గడిచాయి. పానక్కకు పని లేని సెలవు రోజు అది. భర్త తెల్లవారుజామునే స్నానం చేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. అతను గీజర్ ఆపడం మరిచిపోయాడు. అది అతనికి అలవాటే. నీళ్లు కాగాక అదే ఆగిపోతుందిలే అన్న ధీమా.

ఎండ బాగా ఎక్కాక అత్తగారు బకెట్టు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్లింది. ఆవిడ స్నానం అంటే చిన్న తంతు కాదు. ముందు పీట మీద కూర్చుని చన్నీళ్లతో తన బట్టలు తనే ఉతుక్కుంటుంది. కోడలు ఉతికితే మురికి పోదని నమ్మకం. అవన్నీ పిండాక, అప్పుడు వేణ్ణీళ్ల కొళాయి తిప్పుతుంది.

పానక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. గోడ అవతల ఎక్కడో లారీ ఆగి, ఇంజను ఆపకుండా పెట్టినట్టు ఒక గురగుర. కిటికీలోంచి చూసింది. వీధిలో లారీ లేదు. మళ్లీ కత్తిపీట దగ్గర కూర్చుంది. గురగుర పెరిగింది. ఈసారి దాని మధ్యలో దబ్‌మని ఒక మోత. షెల్ఫులో గ్లాసులు చిన్నగా మోగాయి.

లేచి వెళ్లింది. చప్పుడు స్నానాల గదిలోంచే. తలుపు పక్కన గోడకున్న గీజర్ స్విచ్చు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. పొద్దున భర్త ఆపలేదన్నమాట. తెల్లవారుజాము నుంచీ నీళ్లు ఆగకుండా కాగుతూనే ఉన్నాయి.

ఆమె స్విచ్చు నొక్కింది. అది వదులుగా లటుక్కుమంది. లైటు ఆరలేదు. మళ్లీ నొక్కింది. వేడికి లోపల ఏదో కరిగి అతుక్కుపోయినట్టుంది, పైన ప్లాస్టిక్కు కాలిన వాసన వస్తోంది.

అప్పుడే ఆమెకు ఆ ఇత్తడి ముక్కు గుర్తుకొచ్చింది. దాన్ని ఎందుకు పెట్టారో, తను మూసింది దేన్నో, ఒక్క క్షణంలో తెలిసిపోయింది. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోవాల్సిన దారి అది. రోజూ ఆవిరి మధ్య బతికే మనిషి. అయినా ఇంట్లో కారేది నీటి చుక్కే గదా అనుకుంది.

"అత్తయ్యా!" అని గట్టిగా అరిచింది. అరిచాక గాని తెలియలేదు, ఎవర్ని పిలుస్తోందో. పక్క గదిలో అద్దం దగ్గర గిన్నె మూత కనపడుతూనే ఉంది.

రెండు చేతులతో తలుపు బాదింది. లోపల బట్టలు బండకేసి కొడుతున్న చప్పుడు. ఆ దెబ్బల మధ్య ఈ దెబ్బలు ఆవిడకు తెలిసే వీల్లేదు. భుజంతో తలుపును గుద్దింది. తలుపు కదల్లేదు. పాత గడియ ఊడిపోతే, పొడుగాటి మరలు పెట్టి ఇనప గడియ బిగించింది ఆమే. ఆమె చేసిన మరమ్మతుల్లో వంక పెట్టడానికి లేనిది అదొక్కటే.

ముందు కరెంటు తీసేయాలి. హాల్లోకి పరిగెత్తి, బల్ల లాక్కుని ఎక్కి, మెయిన్ స్విచ్చు కిందికి లాగేసింది. ఇంట్లో ఫ్యానులు ఆగాయి, ఫ్రిజ్ నిట్టూర్చి ఊరుకుంది. ఎర్ర లైటు ఆరిపోయింది.

గురగుర మాత్రం ఆగలేదు. నిప్పు తీసేసినంత మాత్రాన కాగిన నీళ్లు చల్లబడవు. అవి లోపలే ఉన్నాయి, బయటికి దారి లేకుండా. ఉన్న ఒకే ఒక్క దారి వేణ్ణీళ్ల కొళాయి. దాని కిందే అత్తగారు కూర్చుని ఉంది.

లోపలినుంచి ఆవిడ గొంతు వినపడింది. "ఏమే, కరెంటు పోయిందా?"

"అత్తయ్యా, ట్యాపు తిప్పొద్దు! వేణ్ణీళ్ల ట్యాపు ముట్టుకోకండి!" పానక్క తలుపు సందుకు నోరు ఆనించి అరిచింది.

"మాట్లాడదేం ఈ పిల్ల! సరేలే, రెండు చెంబులు పోసుకుని వచ్చేస్తా."

బట్టల చప్పుడు ఆగింది. పీట జరిగిన చప్పుడైంది. బకెట్టు కొళాయి కిందికి ఈడుస్తోంది.

పానక్క నేలమీద పడుకుంది. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. అవతల కటిక చీకటి. ఆ గదికి ఉన్న చిన్న కిటికీని చలికాలంలో గాలి రాకుండా అట్టముక్కతో మూసిందీ ఆమే. నడుం దగ్గర దోపుకున్న ఫోను తీసి, టార్చి వేసి, ఆ సందులో పెట్టింది. తెల్లటి వెలుతురు తడి నేల మీద లోపలి దాకా పాకింది. ఆమె అరచేత్తో దాన్ని మూసింది, తీసింది. మూసింది, తీసింది. 

బకెట్టు ఆగింది.

"ఏమిటే ఆ లైటు? నన్నేమన్నా సినిమా తీస్తున్నావా?"

మూసింది, తీసింది. ఇంకా వేగంగా. ఇంకో చేత్తో తలుపు అడుగు భాగాన్ని, నేలకు దగ్గరగా, దబదబా కొట్టింది. అదురు నేల మీదుగా పాకి ఆవిడ కాళ్లకు తగిలి ఉండాలి.

"వస్తున్నానే, వస్తున్నా! కొంప అంటుకున్నట్టు! ఒంటిమీద సరైన బట్టయినా లేదు, ఆగు!"

ఆ ఆగడం పానక్క జన్మలో మరిచిపోలేదు. తడి పాదాల చప్పుడు. తువ్వాలు వెతుక్కుంటూ గోడ తడుముతున్న చప్పుడు. ఆ గోడకే వేణ్ణీళ్ల కొళాయి కూడా ఉంది. ఆ తడిమే చేయి దేన్ని పట్టుకుంటుందో తెలియదు. పైన గీజర్ టాంకు ఒకసారి కిర్రుమని మూలిగింది, బరువెక్కిన మంచం మూలిగినట్టు. ఎక్కడో సన్నగా, సూదిమొనలాంటి ఈల మొదలైంది.

గడియ కదిలింది. ఇనప గడియ గదా, బిగుసుకుని సగంలో ఆగింది. "దీన్నెవరు బిగించారో గానీ..." అని ఆవిడ గొణిగింది. మళ్లీ లాగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

పానక్క ఆ సందులోకి చేయి దూర్చి అత్తగారి మణికట్టు పట్టుకుని లాగింది.

"నా బట్టలే! పిండి పెట్టాను, నా బట్టలు..." ఆవిడ వెనక్కి తిరిగి వంగింది. సరిగ్గా అప్పుడే గీజర్ పైపు బిగింపు దగ్గర్నుంచి ఆవిరి కత్తిలా బయటికి కోసుకొచ్చింది. అడ్డంగా చాచి ఉన్న పానక్క ఎడమ మోచేతి మీద తగిలింది. ఇంకో చేత్తో ఆవిడ నడుం చుట్టేసి, ఎత్తుకున్నట్టే ఈడ్చుకుంటూ, హాలు దాటి, వాకిలి దాటి, మెట్ల దగ్గరికి వచ్చి పడింది.

వెనకాల ఇల్లు పేలినట్టు మోత మోగింది. ఆ తర్వాత గాజు రాలుతున్న చప్పుడు, ఆ తర్వాత బుస్సుమని పొడుగ్గా ఆవిరి. తెరిచిన వాకిట్లోంచి తెల్లటి పొగ మెట్ల మీదికి వచ్చింది. చెవుడున్న అత్తగారు కూడా ఆ మోతకు ఉలిక్కిపడి కోడలి భుజం పట్టేసుకుంది.

కింది నుంచి మేష్టారు, ఆయన భార్య ఆయాసపడుతూ పైకి వచ్చారు. మేష్టారు అత్తగారిని చూడగానే అటు తిరిగి నిలబడిపోయాడు. ఆయన భార్య తన దుప్పటి తెచ్చి ఆవిడకు కప్పింది. పైవాటాల వాళ్లు కూడా దిగారు. మెట్లన్నీ నిండిపోయాయి.

పానక్క మెట్టు మీద కూలబడింది. చేయి మంట ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అత్తగారి మొహంలోకి చూడకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది.

"నేనే చేశానత్తయ్యా. ఆ నీళ్లు కారే చోటు నేనే మూసేశాను. మీరు జారి పడతారని. అది ఆవిరి పోయే దారని ఆలోచించలేదు. మిమ్మల్ని చంపేసేదాన్ని..."

అత్తగారు ఆమె పెదాల వైపు కాసేపు చూసి, "ఏమంటున్నావే? గట్టిగా చెప్పు. మిషను లోపలుంది" అంది.

పానక్క చుట్టూ చూసింది. మేష్టారు, ఆయన భార్య, పైవాటాల ఆడవాళ్లు, ఇన్నాళ్లూ తన చేత కొళాయిలు బిగించుకున్నవాళ్లందరూ నిలబడి ఉన్నారు. ఏమీ లేదత్తయ్యా, పాత గీజర్ పేలిందంతే అని చెబితే సరిపోయేది. ఆవిడ నమ్మేది. మిగతావాళ్లు కూడా సగమే విన్నారు.

ఆమె అత్తగారి చెవి దగ్గరికి వంగి, మేడంతా వినపడేలా, "గీజర్ రంధ్రం నేనే మూశాను! అందుకే పేలింది! తప్పు నాదే!" అని అరిచింది.

అత్తగారు దుప్పటి కొంగు సరిచేసుకుంది. కోడలి ఎడమచేయి తన ఒళ్లోకి తీసుకుని చూసింది. చర్మం ఎర్రగా పొంగి, మెరుస్తోంది.

"ముందు ఈ చేయి నీళ్ల కింద పెట్టండమ్మా. మేష్టారింట్లో నీళ్లొస్తున్నాయా?" అంది చుట్టూ చూసి. తర్వాత కోడలితో, "తిట్లు నీకు చాలా ఉన్నాయి. బట్టలు కట్టుకుని తిడతాను" అంది.

తిట్టింది కూడా. ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించుకుని వచ్చాక, చెవి మిషను పెట్టుకుని మరీ తిట్టింది. "అడగాల్సింది. నన్ను కాకపోతే వాణ్ణి, వాణ్ణి కాకపోతే ఆ రేపొస్తా వాణ్ణి. తెలియని చోట వేలు పెట్టే ముందు ఎవర్నో ఒకర్ని అడిగితే నీ సొమ్మేం పోయింది?" పానక్క తల వంచుకుని విన్నది. ఆమెకు ఆ తిట్లు హాయిగా ఉన్నాయి. గొంతు ఖంగుమంటోంది, అదే చాలు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్త స్నానాల గది గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాడు. గీజర్ ఒక కొక్కెం మీద వేలాడుతోంది. గోడ అద్దం నేలమీద పొడిపొడిగా ఉంది. పలకలు ఊడిపడ్డాయి. అమ్మ కూర్చునే పీట మీద గీజర్ మూత పడి, పీట రెండు ముక్కలైంది. ఆ పీటను చూసి అతను గోడ పట్టుకున్నాడు.

"నేను ఆపి వెళ్లుంటే..." అన్నాడు చివరికి.

"ఆపకపోతే కరెంటు కాలుతుందండీ. మూస్తే మనిషి కాలుతుంది. మీ మీద వేసుకోకండి" అంది పానక్క.

అతను గదిలో నిలబడే ప్లంబరుకు ఫోన్ చేశాడు. "రేపు కాదు, ఇప్పుడే రా. నువ్వొచ్చేదాకా ఫోను పెట్టను" అన్నాడు. అతను అలా మాట్లాడగలడని ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకూ అప్పటిదాకా తెలియదు. ప్లంబరు వచ్చి చూశాడు. కాగిన నీళ్లను గుర్తించి కరెంటు ఆపే పరికరం పాడైపోయిందనీ, దానికి తోడు ఆ ముక్కు మూసుకుపోయిందనీ చెప్పాడు. ఎవరు మూశారని అడగబోయి, పానక్క చేతి కట్టు చూసి ఊరుకున్నాడు.

చేయి మానేదాకా లాండ్రీలో సెలవిచ్చారు. సామాన్ల పెట్టె మంచం కిందికి పోయింది. ఒంటి చేత్తో ఆమెకు జడ వేసుకోవడం రాలేదు. మొదటి రోజు వదులుగా ముడి చుట్టుకుని తిరుగుతుంటే అత్తగారు చూసి, దువ్వెన పట్టుకుని వచ్చి, "కూర్చో" అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే కిటికీ దగ్గర నేలమీద ఆమె, వెనక కుర్చీలో ఆవిడ. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ ఆమె తల ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఒకరోజు అలా జడ వేస్తుండగా పైవాటా ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, కొంచెం మొహమాటపడుతూ, "వంటింట్లో ట్యాపు ఒకటే కారుతోంది పానక్కా... నీకు వీలైతేనే..." అంది.

పానక్క నేలకేసి చూస్తూ కూర్చుంది.

"చేయి పచ్చిగా ఉందమ్మా. ప్లంబర్ని పిలుచుకో" అంది అత్తగారు వెనకనుంచి. పైవాటా ఆవిడ సరేనని వెళ్లిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు పోయేదాకా అత్తగారి దువ్వెన కదల్లేదు.

"మానాక వెళ్దువులే. ట్యాపులదేముంది" అంది తర్వాత. "నిప్పూ నీళ్లూ కలిసిన చోటికి మాత్రం వెళ్లకు."

పానక్క తల వెనక్కి తిప్పబోయింది.

"కదలకు, పాయ జారిపోతుంది" అంటూ అత్తగారు జడ బిగించి లాగింది.